అమ్మాయికి ప్రోగ్రామింగ్ పుస్తకం కొంటున్నారా?

మీ అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిందా? లేక పిల్లలు స్కూలుకెళ్ళాక దొరికే రెండు గంటల్లో మీరే పైథాన్ నేర్చుకుందామనుకుంటున్నారా? శుభం! అయితే పుస్తకం కొనేముందు ఒక్కమాట.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికింది కదా అని ఏదో ఒకటి తెచ్చేసుకుంటాం. నవల పాతదైతే నష్టం లేదు గానీ, ప్రోగ్రామింగ్ పుస్తకం పాతదైతే చిక్కే! అందులో ఉన్నది పొల్లుపోకుండా టైపు చేసినా కంప్యూటర్ 'ఎర్రర్' అంటుంది. తప్పు పుస్తకానిదని కొత్తగా నేర్చుకునే పిల్లకేం తెలుసు? "ఇది నా బుర్రకెక్కదమ్మా" అని మూల కూర్చుంటుంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లయితే మరీను.

అందుకే కొట్లోనే పేజీలు తిప్పి చూడండి. పైథాన్ పుస్తకంలో 'ప్రింట్' అన్న మాట వెతకండి. పక్కనే బ్రాకెట్ ఉంటే సరే. లేకుండా నేరుగా కొటేషన్ గుర్తు ఉంటే అది పైథాన్ 2 నాటిది. పైథాన్ 3 2008లోనే వచ్చింది. 2020 జనవరి 1తో పాతదాన్ని చూసుకునే దిక్కు కూడా లేకుండా పోయింది. ఎంత తక్కువకిచ్చినా వద్దనండి.

సీ పుస్తకంలో మొదటి ప్రోగ్రాంలోనే 'కోనియో డాట్ హెచ్' కనిపిస్తే, అది 1987లో వచ్చిన టర్బో సీ కోసం రాసిందై ఉంటుంది. ఇప్పటి కంపైలర్లు చాలావాటితో అది కుదరదు. కాలేజీ ల్యాబులో ఏది వాడుతున్నారో అడిగాకే కొనండి.

ఇక కెర్నిగన్, రిచీ కలిసి రాసిన సీ పుస్తకం. సీ భాషను తయారుచేసిన రిచీయే స్వయంగా రాశాడు. 1988 నాటి రెండో కూర్పు తీసుకోవాలి. గొప్ప పుస్తకమే, కానీ అప్పటికే కాస్తో కూస్తో ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్ళకి. అన్నం వార్చడం రానివాళ్ళకి పెళ్ళివంటలు చెబితే ఏం లాభం?

పైథాన్‌కైతే నా ఓటు అల్ స్వైగార్ట్ రాసిన 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్'కే. ఎక్సెల్ లెక్కలు, ఫైళ్ళ పేర్లు మార్చడం లాంటి పనికొచ్చే పనులతోనే నేర్పిస్తాడు. పైగా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషే, అయినా సులువుగా ఉంటుంది.

అధ్యాయం చివర అభ్యాసాలు లేని పుస్తకం మాత్రం ముట్టుకోకండి. రెండింట్లో ఏది కొనాలో తేలకపోతే, రెండింట్లోనూ 'లూప్' గురించిన పేజీలు చదివించండి. ఏది చదివాక అమ్మాయి మీకు తన మాటల్లో చెప్పగలిగితే అదే బిల్లు వేయించండి.