నూనెలోని ఆమ్లానికి ఆక్సిజన్ తోడైతే

పుదుచ్చేరికి వేరుశనగతో పాత చుట్టరికం ఉంది. 19వ శతాబ్దంలో ఈ రేవు నుంచే వేరుశనగ గింజలు ఓడలెక్కి ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నూనె మిల్లులకు చేరేవి. ఇప్పుడు ఆ పట్టణంలో సాయంత్రం బజ్జీల బాణలిలో కాగేది వేరుశనగ నూనె కావచ్చు, పొద్దుతిరుగుడు నూనె కావచ్చు. ఏదైనా అందులో లినోలిక్ ఆమ్లం ఉంటుంది. మొదటిదానిలో సుమారు మూడో వంతు, రెండోదాని మామూలు రకంలో సగానికి పైనే. మన శరీరం దీన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, తిండి ద్వారా అందాల్సిందే.

ఇది 18 కార్బన్ల గొలుసు. అందులోని రెండు ద్విబంధాల నడుమ ఉన్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ వచ్చి 9వ లేదా 13వ కార్బన్ మీద చేరుతుంది. కణాల్లో ఈ పనిని 15-లైపాక్సిజనేజ్ అనే ఎంజైము చేస్తే ముఖ్యంగా 13వ స్థానమే ఎంపికవుతుంది. చివరికి మిగిలే పదార్థాన్ని శాస్త్రవేత్తలు పొట్టిగా 13-హోడ్ అంటారు.

ఇది మంచిదా, చెడ్డదా? ప్రశ్న సులువే, జవాబే చిక్కు. రక్తనాళాల లోపలి పొరలోని కణాలు 13-హోడ్‌ను తయారుచేస్తాయనీ, అది ఉన్నచోట ప్లేట్‌లెట్లు గోడకు అంతగా అతుక్కోవనీ 1980లలో కెనడా పరిశోధకులు చూపారు. అంటే కాపలాదారే. కానీ ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌లోనూ ఇదే పదార్థం ఉంటుంది. అది మాక్రోఫేజ్ కణాల్లోని పీపీఏఆర్-గామా అనే గ్రాహకాన్ని మేల్కొలుపుతుందని 1998లో తేలింది. దాంతో ఆ కణాలు ఇంకా ఎక్కువ ఎల్‌డీఎల్‌ను మింగుతాయి, కొవ్వుతో ఉబ్బుతాయి. కథ అక్కడితో ఆగలేదు. కణం నుంచి కొలెస్ట్రాల్‌ను బయటకు పంపే మార్గాన్నీ ఆ గ్రాహకమే తెరుస్తుందని మరికొన్నేళ్లకు బయటపడింది.

నొప్పి విషయం మరీ ఆసక్తికరం. మిరపకాయ మంటను, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని మన నరాలు గుర్తించేది టీఆర్‌పీవీ1 అనే ద్వారం ద్వారా. ఎలుకల చర్మాన్ని వేడిచేస్తే 9-హోడ్, 13-హోడ్ పుట్టి ఈ ద్వారాన్ని తెరుస్తాయని 2010లో అమెరికాలోని టెక్సస్ పరిశోధకులు ప్రచురించారు. బజ్జీలోని మిరప చేసే పనినే శరీరం తన సొంత కొవ్వుతోనూ చేసుకోగలదన్నమాట!

లైపాక్సిజనేజ్ ఎంజైముల మీద తెలుగునాట కూడా గట్టి కృషే జరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పల్లు రెడ్డన్న బృందం దశాబ్దాలపాటు వాటిని అధ్యయనం చేసింది. ఈ కుటుంబానికే చెందిన 5-లైపాక్సిజనేజ్‌ను ఆలుగడ్డల నుంచి శుద్ధిచేసే పద్ధతిని 1990లో ప్రచురించినవారిలో ఆయన ఒకరు.

రక్తంలో కనబడిన హోడ్ ఎంజైము చేసిందా, అదుపు తప్పిన ఆక్సీకరణంలో పుట్టిందా? తేల్చడానికి ఒక ఉపాయం ఉంది. కుడి, ఎడమ చేతుల్లాగా ఈ అణువుకు ఆర్, ఎస్ అనే రెండు రూపాలు. మన 15-లైపాక్సిజనేజ్ దాదాపుగా ఎస్ రూపాన్నే చేస్తుంది. ఫ్రీ రాడికల్స్‌కు ఆ విచక్షణ లేదు. రెండూ చెరిసగం పుడతాయి, 9వ, 13వ స్థానాలు రెండింట్లోనూ. అందుకే 13-హోడ్ మొత్తం ఎంతుందన్న అంకె ఒక్కటే చూసి రోగి గురించి పెద్దగా చెప్పలేం. దానిలో ఏ రూపం ఎంతుందో కూడా కొలవాలి.