ఎండిన ఆకు చేసే పని

తెనాలి, రేపల్లె వైపు పెరటి మామిడిచెట్లకు పట్టే బదనిక, చూషకాలనే వేళ్లవంటి నిర్మాణాలను కొమ్మలోకి దించి, చెట్టు తెచ్చుకున్న నీటినీ లవణాలనూ పీల్చుకుని బతుకుతుంది కనుక, చెట్టుమీద మొలిచిన ప్రతి మొక్కా చెట్టును తినేదేనన్న అభిప్రాయం జనంలో స్థిరపడిపోయింది. బాపట్ల ఇసుక నేలల్లోని తాటిచెట్లే ఆ అభిప్రాయం తప్పని చెబుతాయి. ఎండిన మట్టల మొదళ్లలో చేరిన దుమ్ములోనూ చెత్తలోనూ మొలిచే మర్రి, రావి మొక్కలు తొలిదశలో తాటి నుంచి చోటు తప్ప మరేమీ తీసుకోవు. ఇలా ఆసరా మాత్రమే తీసుకుని, ఆహారాన్ని తామే తయారుచేసుకునే మొక్కలను వృక్షోపజీవులంటారు. మర్రి మొలకకు తాటిమట్ట మొదలు సిద్ధంగా దొరుకుతుంది. తూర్పు కనుమల అడవుల్లో చెట్లమీదా బండలమీదా పెరిగే డ్రైనేరియా క్వెర్సిఫోలియా అనే ఫెర్న్ మాత్రం అటువంటి చోటును తానే కట్టుకుంటుంది.

ఫెర్న్‌లకు పూలూ గింజలూ ఉండవు. ఆకు అడుగున చిన్న చుక్కల్లా ఏర్పడే భాగాల్లో తయారయ్యే సిద్ధబీజాలతోనే ప్రధానంగా వాటి వ్యాప్తి జరుగుతుంది. డ్రైనేరియా కాండం దుగ్గిరాల మార్కెట్‌కు వచ్చే పసుపు కొమ్ము వంటిదే అయినా, ఒళ్లంతా గోధుమరంగు పొలుసులు కప్పుకుని, నేలలో కాక బెరడుమీద పాకుతుంది.

అసలు అద్భుతం దీని ఆకుల్లో ఉంది. ఒకే కొమ్ము నుంచి రెండు రకాల ఆకులు పుడతాయి. మొదటి రకానికి కాడ ఉండదు. అంచులు తమ్మెలుగా చీలిన ఆ వెడల్పాటి ఆకు కొమ్మును కప్పుతూ, పైభాగం చెట్టుకు కాస్త ఎడంగా, దొప్పలా నిలబడుతుంది. అది పచ్చగా ఉండేది కొద్దికాలమే. ఆ తరువాత పత్రహరితం కోల్పోయి, గోధుమరంగుకు తిరిగి, అట్టలా బిరుసెక్కుతుంది. సాధారణంగా పని ముగిసిన ఆకును మొక్క రాల్చేస్తుంది. ఇక్కడ ఆకు చచ్చిన తరువాత కూడా రాలకుండా అంటిపెట్టుకుని ఉండి, అసలు పనిని అప్పుడే అందుకుంటుంది. పైనుంచి రాలే ఆకులు, బెరడు పెచ్చులు, పురుగుల విసర్జన, కాండం వెంట జారే వాననీరు మోసుకొచ్చే దుమ్ము అన్నీ ఆ ఆకుకూ చెట్టుకూ నడుమ చేరి, కుళ్లి, హ్యూమస్ అనే నల్లని సారవంతమైన మట్టిగా మారతాయి. ఫెర్న్ వేళ్లు ఆ మట్టిలోకే పాకుతాయి. వాన వెలిసిన తరువాత కూడా వాటికి తడి అందుతుంది.

రెండో రకం ఆకు పొడవైన కాడతో, ఒక్కోసారి మీటరు దాకా పెరిగి, ఆహారం తయారుచేస్తూ సిద్ధబీజాలను మోస్తుంది. ఎండలు ముదిరినప్పుడు దాని పక్కతమ్మెలు రాలిపోయినా నడిమి ఈనె మాత్రం పుల్లలా మిగులుతుంది, ఆ పుల్లల మధ్య కూడా చెత్త చిక్కుకుంటుంది. నీటి ఎద్దడికి పచ్చని భాగాన్ని వదులుకుని, దాని అస్థిపంజరంతో ఎరువు కూడబెట్టుకునే ఇటువంటి పొదుపు వృక్షజాతిలో చాలా అరుదు.

1753లో ఈ మొక్కకు పేరు పెట్టిన లినేయస్, ఐరోపా ఓక్ చెట్టు ఆకుతో దీనికున్న పోలికను పట్టించుకున్నాడే గాని, దీని ఎండిన ఆకు చేసే పని ఆయన కాలానికి ఇంకా తెలియదు. దానిని వివరించిన ఘనత 19వ శతాబ్దం చివరలో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ గోబెల్ వంటివారిది. 2021లో న్యూజిలాండ్ పరిశోధకులు, లార్డ్ హౌ దీవిలోని జింకకొమ్ము ఫెర్న్ అనే మరో రకం ఫెర్న్ గుంపుల్లో కొన్ని మొక్కలు నీటిని పట్టి ఉంచే ఆకులకే పరిమితమై, సంతానోత్పత్తిని ఇతర మొక్కలకు వదిలేస్తున్నాయనీ, ఇది తేనెటీగల సమాజాన్ని తలపించే ఏర్పాటనీ ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన ఎంత ఆకర్షణీయమైనా, ఒకే మొక్క తన రెండు రకాల ఆకుల మధ్య ఈ పనివిభజన సాధించడమే మరింత ఆశ్చర్యకరమైన విషయం.

ఇక ఉపయోగాల మాటకొస్తే, తమిళనాడులోని కొల్లి కొండల్లో డ్రైనేరియా కొమ్మును మోకాళ్ల నొప్పులకు మందని చెప్పి, సూప్‌గా కాచి అమ్ముతారు. ఒక్క గిన్నెడు సూప్ కోసం కొమ్మును పెకలిస్తే, ఏళ్ల తరబడి చేరిన మట్టి కూడా చెల్లాచెదురవుతుందన్న సంగతి కొనేవారికి ఎవరూ చెప్పరు. ఇళ్లలో పెంచేవారు కూడా కుండీ శుభ్రంగా కనిపించాలని గోధుమరంగు ఆకులను పీకేస్తుంటారు. అది మొక్క తనకోసం కట్టుకున్న తొట్టిని పగలగొట్టడమే కనుక, ఆ ఆకులను ముట్టుకోకూడదు.