‘ఫర్వాలేదు’ అంటే కొండ ఊరుకోదు

‘‘కొండలెక్కడానికి డబ్బులిచ్చి మరీ వెళ్తావా?’’ అని మావారు నవ్వారు. ఆయన నవ్వడంలో వింతేమీ లేదు. ఇంగ్లండ్‌ వచ్చిన ఇరవై రెండేళ్లలో మేం స్కాట్లాండ్‌ను మూడుసార్లు చూశాం. మూడుసార్లూ కారు కిటికీలోంచే. ఎడింబరో కోట, లాక్ నెస్ దగ్గర ఫొటో, స్కై దీవి, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర, సోమవారం పొద్దున్నే ఆఫీసు. పిల్లలిద్దరూ యూనివర్సిటీకి వెళ్లిపోయాక, ఆ కొండల మధ్య ఒక్కసారైనా నడవాలనిపించింది. ఆయనకు సెలవు దొరకలేదు. గైడ్‌తో కలిసి ఎనిమిది మంది నడిచే ఆరు రోజుల యాత్రకు ఒక్కదాన్నే పేరిచ్చాను.

దరఖాస్తులో ‘ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా?’ అన్నచోట ‘లేవు’ అని రాశాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుందన్న సంగతి రాయలేదు. రాస్తే వద్దంటారేమోనని భయం.

సెప్టెంబరు మొదటి వారం. రాత్రి లండన్ యూస్టన్ స్టేషన్‌లో స్లీపర్ రైలెక్కితే తెల్లారి ఏవీమోర్‌లో దిగాను. కెయిర్న్‌గార్మ్స్ కొండలకు ముఖద్వారం లాంటి ఊరు అది. 2003లో ఏర్పడిన ఈ నేషనల్ పార్కు 4,528 చదరపు కిలోమీటర్లతో బ్రిటన్‌లోకెల్లా పెద్దది. ‘కెయిర్న్ గార్మ్’ అంటే గేలిక్ భాషలో నీలి కొండ. అంటే మన నీలగిరే! ఆ పేరు వినగానే సగం బెరుకు పోయింది.

మెట్లు లేని కొండ

మొదటి రోజు రోథీమర్కస్ అడవిలో, లాక్ ఆన్ ఐలన్ సరస్సు చుట్టూ తేలికైన నడక. పాత స్కాట్స్ పైన్ చెట్లు, కింద ఊదారంగు హెదర్ పూలు, సరస్సు మధ్య చిన్న దీవిలో శిథిలమైన కోట. నడక తేలికే అయినా గైడ్‌కు అది పరీక్ష. ఎవరెంత వేగంగా నడుస్తున్నారో, ఎవరి బూట్లు కొత్తవో, ఎవరు నీళ్లు తాగడం మర్చిపోతున్నారో ఆమె చూస్తూనే ఉంది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

రెండో రోజు 810 మీటర్ల మ్యాల్ ఎ వూహలే. పశువుల కాపరి కొండ అని అర్థం. దారిలో ఆకుపచ్చ నీళ్ల చిన్న సరస్సు వస్తుంది. దేవకన్యలు బట్టలు ఉతికితే ఆ రంగొచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకొంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు రెండుసార్లు ఎక్కినదాన్ని కదా, ఈ కొండ ఎంతలే అనుకున్నాను. కానీ తిరుమల దారిలో మెట్టుంది, పైకప్పుంది, మలుపు మలుపుకీ నీళ్లున్నాయి, పక్కన గోవింద నామం ఉంది. ఇక్కడ రాయి, బురద, గాలి మాత్రమే ఉన్నాయి. ఎక్కడం బాగానే ఎక్కాను. దిగేటప్పుడు మోకాలు పట్టేసింది. ‘‘ఎలా ఉన్నారు?’’ అని గైడ్ అడిగితే ‘‘ఫర్వాలేదు, బాగున్నాను’’ అన్నాను.

ఆ రోజు పదకొండున్నరకు

మూడో రోజు బెన్ మక్‌డూయీ. ఎత్తు 1,309 మీటర్లు. బ్రిటన్‌లో బెన్ నెవిస్ తర్వాత ఇదే ఎత్తయిన కొండ. 3,000 అడుగులు దాటిన ఇక్కడి కొండలను ‘మన్రోలు’ అంటారు. 1891లో సర్ హ్యూ మన్రో వాటి జాబితా వేశాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పటి లెక్క ప్రకారం 282 ఉన్నాయి. నా జీవితంలో ఇదే మొదటి మన్రో కావాలి. వాట్సాప్‌లో అందరికీ ముందే చెప్పేశాను కూడా.

కార్ పార్కు దగ్గర చల్లగా ఉందంతే. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 150 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడి తగ్గుతుంది. దానికి గాలి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. పైన ఉన్నది సూదిమొన లాంటి శిఖరం కాదు, రాళ్లు పరిచిన పెద్ద మైదానం. చెట్టు లేదు, గోడ లేదు. మబ్బు దిగగానే ముందు నడుస్తున్న మనిషి తప్ప ఏమీ కనిపించలేదు. సన్నటి వాన అడ్డంగా కొట్టింది. నా చేతి తొడుగులు తడిసిపోయాయి. బ్యాగులో మరో జత ఉంది. తీయాలంటే అందరూ ఆగాలి. అప్పటికే వెనకబడినదాన్ని నేనే. నావల్ల అందరూ చలిలో నిలబడాలా అని ఊరుకున్నాను.

గైడ్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ‘‘ఫర్వాలేదు’’ అన్నాను. లోహన్ బుయ్ అనే చిన్న నీటిగుంట దగ్గర ఆగి అందరికీ చాక్లెట్లు ఇచ్చింది. నా వేళ్లతో ఆ కాగితం విప్పలేకపోయాను.

ఆమె ఒక్క క్షణం నా చేతుల వంక చూసింది. బ్యాగులోంచి నారింజ రంగు గుడ్డ ఒకటి తీసి అందరి నెత్తిన కప్పింది. కర్రలు, తాళ్లు లేని గుడారం అది. అంచులు కింద వేసుకుని కూర్చుంటే చాలు, ఎనిమిది మంది ఊపిరికే లోపల వెచ్చబడింది. నా తడి తొడుగులు తీసేసి పొడివి వేసింది. తీయటి వేడి టీ తాగించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది: ‘‘శిఖరం ఇంకో గంట. అది ఎక్కి కారు దగ్గరికి చేరాలంటే కనీసం నాలుగు గంటలు. ఈ చేతులు ఇప్పుడే పని చేయడం లేదు. మనం వెనక్కి తిరుగుతున్నాం.’’

ఎవరూ ఎదురు చెప్పలేదు. దారి పొడవునా ఆమె దిక్సూచి పట్టుకుని, అడుగులు లెక్కపెడుతూ నడిపించింది. కుడి పక్కన ఎక్కడో కోయర్ ఆన్ లోహన్ లోయ అంచు ఉందని, మబ్బులో అది కాలి కిందికి వచ్చేదాకా కనిపించదని తర్వాత మ్యాపులో చూపించింది.

ఎలా తెలిసింది?

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో అందరికీ క్షమాపణ చెప్పాను. అరవై ఎనిమిదేళ్ల రిటైర్డ్ నర్సు ఒకావిడ నా పక్కకొచ్చి కూర్చుంది. ‘‘నా కాళ్లు కూడా మొద్దుబారాయి. నేనూ బాగున్నాననే చెప్పాను’’ అంది. మొహమాటం మన ఒక్కరి సొత్తే అనుకునేదాన్ని. కాదని ఆ రాత్రి తెలిసింది.

నేను చెప్పకుండానే ఎలా గుర్తుపట్టావని గైడ్‌ను అడిగాను. ‘‘మీరు పొద్దున్నుంచీ మీ పిల్లల గురించి చెబుతూనే ఉన్నారు. పదకొండు దాటాక మాట్లాడటం మానేశారు’’ అంది. ఒంట్లో వేడి పడిపోతుంటే మనిషి ముందు మౌనంగా అయిపోతాడట. తర్వాత వేళ్లు తడబడతాయి, అడుగులు తూలతాయి, చివరికి ఆలోచన మందగిస్తుంది. అప్పుడు తనకు బాగాలేదన్న సంగతి ఆ మనిషికే తెలియదు.

మేం ఆగిన చోటికి దగ్గర్లోనే 1971 నవంబరులో జరిగిన విషాదం గురించి కూడా చెప్పింది. ఎడింబరో నుంచి వచ్చిన విద్యార్థుల బృందం మంచు తుపానులో ఆశ్రయం చేరలేక రెండు రాత్రులు ఆరుబయట గడిపింది. ఐదుగురు పిల్లలు, శిక్షణలో ఉన్న ఓ యువతి చనిపోయారు. పిల్లలను కొండల్లోకి తీసుకెళ్లేవారి అర్హతల విషయంలో ఆ తర్వాతే నియమాలు బిగించారు. అది విన్నాక, కోల్పోయిన శిఖరం గురించి మళ్లీ ఎత్తలేదు.

మోకాలి సంగతీ అప్పుడే చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. నాలుగో రోజు విశ్రాంతి ఇచ్చింది. 1952లో స్వీడన్ నుంచి తెచ్చిన రెయిన్‌డీర్ల సంతతిని చూసొచ్చాం. ఐదో రోజు నా చేతికి రెండు నడక కర్రలిచ్చి, వాటి మీద బరువు వేసి దిగడం నేర్పింది. వరుసలో నన్ను తన వెనకే నిలబెట్టింది. నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుంటే బృందం వాళ్ల వేగానికే నడుస్తుంది, ఎవరూ వెనకబడరు. అలా 1,245 మీటర్ల కెయిర్న్ గార్మ్ ఎక్కాను. నా మొదటి మన్రో అది. 1986 మార్చి 20న గంటకు 173 మైళ్ల గాలి నమోదైన శిఖరం, ఆ రోజు మాత్రం ఎండలో ప్రశాంతంగా ఉంది. ఎదురుగా బెన్ మక్‌డూయీ తేటగా కనిపించింది.

మనవాళ్లు వెళ్లాలనుకుంటే

బ్యాంక్ హాలిడే వస్తే మన వాట్సాప్ గ్రూపుల్లో ‘బెన్ నెవిస్ ఎక్కుదాం’ అని మొదలవుతుంది. జీన్స్, స్పోర్ట్స్ షూలతో బయల్దేరతారు. స్కాట్లాండ్ జలపాతాల దగ్గర మన విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలూ చదివాం. అందుకే ఈ నాలుగు మాటలు.

గైడ్‌కు ‘మౌంటెన్ లీడర్’ అర్హత ఉందో లేదో అడగండి. చలికాలానికి వేరే అర్హత ఉంటుంది. నూలు బట్టలు తడిస్తే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి జీన్స్ వద్దు. వాన ఆపే జాకెట్టు, ప్యాంటు, చీలమండను పట్టి ఉంచే బూట్లు, టోపీ, రెండు జతల చేతి తొడుగులు, తలకు కట్టుకునే టార్చి తప్పనిసరి. సమయం లెక్కకు 1892 నాటి నైస్మిత్ సూత్రం ఉంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మనలాంటి వాళ్లు దానికి ఇంకొంత కలుపుకోవాలి. వేసవిలో మిడ్జ్ అనే నుసుములు పీక్కుతింటాయి. సెప్టెంబరులో వాటి బాధ తగ్గుతుంది. ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. శాకాహారులమని ముందే చెబితే గెస్ట్‌హౌస్‌లో ఇబ్బంది లేదు. అయినా నా బ్యాగులో పులిహోర పొడి ఉండనే ఉంది. చివరి రోజుకు అది అందరి భోజనమైంది.

బెన్ మక్‌డూయీ నుంచి తిరిగొచ్చిన రాత్రి మావారు ఫోన్ చేసి ‘‘ఎక్కేశావా?’’ అన్నారు. ‘‘లేదు, సగంలో తిరిగొచ్చేశాం. నావల్లే’’ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘మోకాలి సంగతి వాళ్లకు చెప్పావా?’’ అని మాత్రం అడిగారు.

వచ్చే సెప్టెంబరుకు ఇద్దరి పేర్లూ ఇచ్చాం. ఈసారి దరఖాస్తు నేనే నింపాను. నా పేరు పక్కన కుడి మోకాలు, ఆయన పేరు పక్కన బీపీ రాశాను. వద్దంటారేమో అనుకున్నాను. ‘ముందే చెప్పినందుకు ధన్యవాదాలు’ అని జవాబొచ్చింది.