పాత ఆటతుపాకికి పునర్జీవము

తపాలాబిళ్ళలు, నాణెములు సేకరించుట మన విద్యార్థులకు తెలిసిన వినోదములే. పాత ఆటతుపాకులను బాగుచేయుట కూడ అట్టి వినోదమేనని చెప్పినచో కొందరు నవ్వుదురు. కాని ఇందులో లోహశాస్త్రమున్నది, చేతిపనియున్నది, అన్నిటికంటె ముఖ్యముగా ఓర్పున్నది.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసి తుపాకులను పట్టుకొనిపోయిన కథను విని పెరిగిన ప్రాంతము మనది. నా చిన్ననాట దీపావళి నాడు మా వీధిలో రేకు తుపాకి లేని బాలుడు అరుదు. మా అబ్బాజాన్ నాకు కొనిపెట్టిన రీలు తుపాకి ఎన్నో ఏండ్ల తరువాత ట్రంకుపెట్టెలో దొరకినది. ఉత్సాహముతో గరుకు కాగితముతో రుద్దితిని. తుప్పుతోపాటు, పిడిపై ఆయన రంగుతో ఉర్దూలో వ్రాసియిచ్చిన నా పేరు కూడ పోయినది. తుపాకి మెరిసినది, జ్ఞాపకము చెరిగినది. ఈ వ్యాసము ఆ తప్పునుండి పుట్టినది.

1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసిన తరువాత అక్కడ పోత ఇనుముతో బిళ్ళల తుపాకులు చేయుట వ్యాప్తిలోనికి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము తుత్తునాగపు మిశ్రలోహము ఇనుము స్థానమును ఆక్రమించినది. మన సంతలలో రేకు తుపాకులే ఎక్కువ. కావున మొదట అయస్కాంతముతో పరీక్షింపవలెను. ఇనుము, ఇనుప రేకు అంటుకొనును, తుత్తునాగము అంటుకొనదు. తుత్తునాగములో సీసము వంటి మలినములున్నచో లోహము లోలోపలనే చిట్లి పొడియగును. దానికి చికిత్స లేదు.

పిమ్మట సుత్తి తగులు గుంటను తడిగుడ్డతో తుడువవలెను. బిళ్ళలోని ఎర్ర భాస్వరము, పొటాషియం క్లోరేటు రాపిడికే పేలును. పేలిన పిదప మిగులు ఉప్పు తేమను పీల్చి తుప్పును పెంచును. అందువలననే సుత్తి చుట్టును ముందుగా చెడును. రంగులేని ఇనుముపై కిరసనాయిలు గుడ్డ చాలును. రంగున్నచోట సబ్బునీటిలో తడిపి పిండిన మెత్తని నూలుగుడ్డ తప్ప మరేమియు తగదు. పాత రంగులో సీసము ఉండవచ్చును గనుక పొడిగా రుద్దరాదు, పసిపిల్లలకు ఈయరాదు. గృహోపయోగ రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశమున నియమము చేసినది 2016లోనే. రేకు చెవులు నాలుగైదుసార్లు వంచిన విరుగును. అవసరము లేనిదే విప్పరాదు.

విరిగిన పిడికి బదులు క్రొత్తది అమర్చుకొనుటకు మనకు దూరపు ఆదర్శము అక్కరలేదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాక యున్నది. తేలికయైన అంకుడు కర్రను తిరుగు యంత్రమున నునుపు చేసి, రంగు కలిపిన లక్కను అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రనంటుకొనును. పసుపు, నీలి, జాఫ్రా వంటి సహజవర్ణముల ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది, 2023లో సి.వి. రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. అట్టి లక్కపిడి పాత రేకుకు ఎంతయో అందమిచ్చును. కాని తీసిన పాత పిడిని పారవేయక పొట్లము కట్టి దాచవలెను. తాళపత్రములోని శిథిలభాగమున పరిష్కర్త తన పద్యమును మూలమువలె చొప్పించునా? చేర్చినది చేర్చినట్లు తెలియవలెను. కావలసినపుడు తీసివేయుటకు వీలుండవలెను.

ఒక హద్దు మరువరాదు. నిజమైన ఆయుధమువలె కనిపించునట్లు రంగు మార్చుట ప్రమాదకరము. అమెరికాలో 1989 నుండి ఆటతుపాకుల కొనకు నారింజరంగు తప్పనిసరి చేసినది అందులకే. లైసెన్సు లేక ఆటతుపాకిని పేల్చు తుపాకిగా మార్చుట 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము నేరము. గొట్టమునకు బెజ్జము వేయు ఊహ కూడ రానీయరాదు.

నా తుపాకికి ఇప్పుడు క్రొత్త స్ప్రింగున్నది. సుత్తి టక్కున పడుచున్నది. పిడిపై పేరును మాత్రము నేను మరల వ్రాయలేదు. వ్రాసినచో అది నా దస్తూరియగును గాని ఆయన దస్తూరి కాదు. విద్యార్థులారా, మీ ఇంటి పెట్టెలలో ఇట్టి వస్తువేదైన దొరకినచో, రుద్దుటకు ముందు ఒక్క పూట ఊరక చూడుడు.