కరుణమా, కరుణాభాసమా? – ‘బ్లో’ చిత్రంపై ప్రేక్షకాభిప్రాయాల పరిశీలన

ఉపోద్ఘాతం

నేరస్థుని జీవితం ఆధారంగా తీసిన చిత్రం ముగిసే వేళకు ప్రేక్షకుని కంట నీరు తిరిగితే, ఆ కన్నీరు ఎవరి కోసం అన్న ప్రశ్న తప్పక పుడుతుంది. 2001 ఏప్రిల్‌లో అమెరికాలో విడుదలైన ‘బ్లో’ చిత్రం చుట్టూ రెండు దశాబ్దాలుగా సాగుతున్న చర్చకు మూలం ఈ ప్రశ్నే. టెడ్ డెమీ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆధారం బ్రూస్ పోర్టర్ 1993లో ప్రచురించిన జీవితచరిత్ర. కథానాయకుడు జార్జ్ జంగ్ కల్పిత వ్యక్తి కాదు. 1942లో జన్మించి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వేమౌత్‌లో పెరిగి, 1960ల చివర గంజాయి వ్యాపారంలో దిగినవాడు. 1974లో షికాగోలో 660 పౌన్ల గంజాయితో పట్టుబడి డాన్‌బరీ కారాగారానికి వెళ్లాడు. అక్కడ తన గదిలోనే ఉన్న కార్లోస్ లెహ్‌డెర్‌తో ఏర్పడిన పరిచయం అతనిని కొలంబియాలోని మెడెయిన్ ముఠా వద్దకు చేర్చింది. చిత్రం విడుదలయ్యే నాటికి అతడు మళ్లీ కారాగారంలోనే ఉన్నాడు.

విమర్శకులు ఈ చిత్రం విషయంలో దాదాపు సగానికి సగంగా చీలిపోయారు. సాధారణ ప్రేక్షకులలో మాత్రం దీనిని ఇష్టపడినవారే అత్యధికులు. ఈ అంతరానికి కారణం నటనలోనో ఛాయాగ్రహణంలోనో వెతికితే దొరకదు. జానీ డెప్ నటనను తప్పుపట్టినవారు రెండు పక్షాలలోనూ తక్కువే. అభిప్రాయభేదమంతా జంగ్ మీద చిత్రం కలిగించే జాలి దగ్గర మొదలవుతుంది.

జాలి ఎలా పుడుతుంది?

కథ మొత్తం జంగ్ స్వరంలోనే సాగుతుంది. తన బాల్యం, తండ్రి దివాలా, తొలి సంపాదన, ప్రేమ, పతనం అన్నీ అతడే చెబుతాడు. చెప్పేవాడు తన కథను తన వైపు నుండి చెప్పుకోవడం సహజం. అయితే దృశ్యం కూడా ఆ స్వరానికి సాక్ష్యం పలుకుతున్నప్పుడు, దానిని సందేహించే అవకాశం ప్రేక్షకునికి మిగలదు. 1970ల చివర, 1980ల ఆరంభంలో అమెరికాలో ఎవరైనా కొకైన్ పీల్చి ఉంటే అది తమ ద్వారా వచ్చి ఉండడానికి నూటికి ఎనభై అయిదు పాళ్లు అవకాశముందని జంగ్ చెప్పుకుంటాడు. ఇది అతని సొంత లెక్క. చిత్రం చూసిన పలువురు దీనిని చరిత్రగా స్వీకరించారు.

చిత్రాన్ని మెచ్చినవారు ఎక్కువగా తలచుకునేది తండ్రి పాత్రను. రే లియోటా పోషించిన ఫ్రెడ్ జంగ్ కష్టజీవి, మితభాషి. కొడుకు చేసేది తెలిసినా అతనిని వదులుకోలేనివాడు. మరణశయ్యపై ఉన్న తండ్రిని చూసేందుకు జార్జ్ అనుమతి కోరితే అది దొరకదు. అతడు తన మాటలను టేపుపై రికార్డు చేసి పంపుతాడు, వృద్ధుడు వాటిని వింటాడు. ఈ ఘట్టం వద్ద కంటతడి పెట్టని ప్రేక్షకులు అరుదు. లియోటా 1990లో ‘గుడ్‌ఫెలాస్’ చిత్రంలో నేరస్థునిగా నటించి తన పతనగాథను తానే చెప్పుకున్నవాడు. అదే నటుడు ఇక్కడ నేరస్థుని తండ్రిగా మౌనంగా కూర్చోవడం, ఆ చిత్రం తెలిసినవారికి మరింత బరువుగా తోస్తుంది. ‘బ్లో’ నిర్మాణం ‘గుడ్‌ఫెలాస్’కు అనుకరణ అని తీసిపారేసిన విమర్శకులు ఈ మార్పును అంతగా పట్టించుకోలేదు.

చివరి దృశ్యం కుమార్తెకు సంబంధించినది. కారాగారపు తోటలో వయసు మళ్లిన జంగ్‌ను చూడడానికి కూతురు వస్తుంది. ఆలింగనం చేసుకుంటుంది. మరుక్షణంలో ఆమె అక్కడ లేదని, అదంతా అతని ఊహ అని తేలుతుంది. తెరపై అసలు జంగ్ ఛాయాచిత్రం నిలుస్తుంది.

అభ్యంతరాల స్వరూపం

ప్రతికూలంగా స్పందించినవారిలో రోజర్ ఈబర్ట్ వాదం ముఖ్యమైనది. అతని దృష్టిలో జంగ్ అంత ఆసక్తికరమైన మనిషి కాడు. సరుకును ఒకచోట నుండి మరొకచోటికి చేర్చడం తప్ప అతడు చేసినది పెద్దగా లేదు. ఇది నైతిక తిరస్కారం కంటె కఠినమైన మాట, నాయకత్వార్హతనే ప్రశ్నిస్తున్నది గనుక.

మరికొందరి అభ్యంతరం చట్రంలో లేనివారి గురించి. కోట్లు గడించినవాని ఇల్లు, ఆ ఇంటినిండా పేర్చిన నోట్ల పెట్టెలు తెరపై కనబడతాయి. ఆ సరుకు కొని జీవితం పాడుచేసుకున్నవారు దాదాపు కనబడరు. మెడెయిన్ ముఠా చేతిలో కొలంబియాలో హతులైన న్యాయమూర్తులకు, పాత్రికేయులకు, పోలీసులకు, సామాన్యులకు ఈ కథలో స్థానం లేదు. ఎస్కోబార్ ఒక మనిషిని చంపించే దృశ్యం ఉంది గాని, దానిని ప్రేక్షకుడు జంగ్ కళ్లతో, జంగ్‌కు కలిగిన భయంగానే చూస్తాడు.

స్త్రీపాత్రల విషయంలో వినవచ్చే ఆక్షేపణకు ఇంకా ఎక్కువ ప్రాధాన్యం దక్కవలసి ఉంది. కొడుకును పోలీసులకు పట్టించేది తల్లి. కారులో గొడవపడి, ఆపిన పోలీసులకు భర్త గుట్టు చెప్పేది భార్య. చిత్రంలో జంగ్ పడే ప్రతి దెబ్బ వెనుక ఒక ద్రోహం ఉంటుంది. పారిపోయిన నేరస్థుని గురించి తల్లి పోలీసులకు తెలిపితే అది పౌరధర్మమే కదా! చిత్రం దానిని కర్కశత్వంగా చూపించి, తండ్రి మౌనాన్ని వాత్సల్యంగా నిలబెట్టింది. ప్రేక్షకుని జాలిలో కొంత భాగం ఈ ఇద్దరు స్త్రీల ఖర్చున సమకూరినదే.

జంగ్ జీవితంలోని మరొక ముఖ్య ఘట్టాన్ని చిత్రం దృశ్యంగా చూపదు. లెహ్‌డెర్‌పై జరిగిన విచారణలో జంగ్ ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పాడు. మిత్రుల ద్రోహానికి బలైనవానిగా కనిపించే నాయకుడు తాను సాక్షిగా మారిన సంగతి కూడా తెరపైకి వస్తే, తూకం వేరుగా ఉండేది.

రసాభాస దృష్టి

ఈ రెండు పక్షాల వివాదానికి మన అలంకారశాస్త్రంలో తగిన పరిభాష ఉంది. రసం అనుచితమైన ఆలంబనాన్ని ఆశ్రయిస్తే అది రసాభాసమవుతుంది. సీతపై రావణుని రతిని శృంగారాభాసానికి ఉదాహరణగా చెప్పడం ప్రసిద్ధం. పదిహేడవ శతాబ్దికి చెందిన జగన్నాథ పండితరాయలు, కోనసీమలోని ముంగండ మూలాలుగల తెలుగువాడు, ‘రసగంగాధరం’లో ఈ విచారణను ఇతర రసాలకూ విస్తరించాడు. కలహశీలుడైన కుపుత్రుడు వంటివారు ఆలంబనమైన శోకం కరుణాభాసమని అతని మతం.

ఫ్రెడ్ జంగ్ శోకానికి ఆలంబనం అటువంటి పుత్రుడే. శాస్త్రప్రకారం ఇది ఆభాసమే కావాలి. కాని ప్రేక్షకుల అనుభవం అలా లేదు. కారణం, వారు జార్జ్ కోసం కాక ఫ్రెడ్ కోసం దుఃఖిస్తున్నారు. తండ్రి శోకంలో ప్రవేశించినవాడికి కొడుకు దోషం తెలిసినా దుఃఖం ఆగదు. అక్కడి వరకు కరుణం నిలుస్తుంది. తోటలోని చివరి దృశ్యంలో చిత్రం ఆ దుఃఖాన్ని తండ్రి నుండి కొడుకుకు బదిలీ చేస్తుంది, జార్జ్‌ను కూడా ఒక తండ్రిగా మార్చి. ఈ బదిలీని అంగీకరించినవారికి చిత్రం గొప్పది. అంగీకరించనివారికి అది బలవంతపు కన్నీరు. టేపు దృశ్యాన్ని మెచ్చి తోట దృశ్యాన్ని నిరసించే ప్రేక్షకుల స్థితి ఈ దృష్టితో చూస్తే పరస్పరవిరుద్ధం కాదు.

జీవితచరిత్రాత్మక చిత్రానికి మరొక ఇబ్బంది ఉంది. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణంలో పాత్ర తన వ్యక్తిత్వపు హద్దులు దాటి అందరిదీ అవుతుంది. శేషాచలం అడవుల ఎర్రచందనం స్మగ్లర్‌గా 2021లో వచ్చిన పుష్పరాజ్‌పై తెలుగునాట ఎంత వివాదం జరిగినా, ఆ పాత్ర కల్పితం గనుక దాని జీవితం తెరతోనే ముగుస్తుంది. జంగ్ విషయంలో అలా కుదరదు. 1994లో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో 1,754 పౌన్ల కొకైన్‌తో పట్టుబడిన మనిషి అతడు. కూతురికిచ్చిన మాట కోసం చేసిన చివరి ప్రయత్నంగా చిత్రం చెప్పే ఘట్టం వెనుక ఉన్నది సుమారు ఎనిమిది వందల కిలోల సరుకు. ఈ అంకె తెలిసిన తరువాత చిత్రాన్ని రెండవసారి చూసినవారి స్పందన మొదటిసారి వలె ఉండదు.

విడుదలానంతర పరిణామాలు

దర్శకుడు డెమీ 2002 జనవరిలో, చిత్రం విడుదలై ఏడాది తిరగకముందే, 38 ఏళ్ల వయసులో హఠాత్తుగా మరణించాడు. చిత్రాంతంలోని అక్షరాలు జంగ్ శిక్ష 2015 వరకు ఉందని చెబుతాయి. అతడు 2014 జూన్‌లోనే విడుదలయ్యాడు. 2016లో పెరోల్ నిబంధనలు ఉల్లంఘించి తిరిగి అరెస్టయ్యాడు. విడుదల తరువాత అతని వద్దకు వచ్చిన అభిమానులలో పలువురికి అతడు ఈ చిత్రం ద్వారానే తెలిసినవాడు. 2021 మే 5న వేమౌత్‌లో, తండ్రి ఇల్లు ఉన్న ఊరిలోనే, 78వ ఏట మరణించాడు. ఆ వార్తలు ప్రచురించిన పత్రికలు చాలావరకు శీర్షికలలోనే అతనితోపాటు డెప్‌నో చిత్రాన్నో పేర్కొన్నాయి.