కొండల చాటున ఓడల రేవు!

సముద్రంలోంచి చూస్తే అక్కడో రేవు ఉందనే అనిపించదు. కాస్త దగ్గరికెళితే మాత్రం కొండల మధ్య సన్నటి దారి, ఆ దారి వెంట లోపలికెళితే వరసగా లంగరు వేసిన తెరచాప పడవలు... కరీబియన్ దీవి సెయింట్ లూసియాలోని 'మారిగో బే' ప్రత్యేకతే అది!

సెయింట్ లూసియా పేరు క్రికెట్ అభిమానులకు కొత్తేమీ కాదు. 2012, 2016 సంవత్సరాల్లో వెస్టిండీస్‌కు టీ20 ప్రపంచకప్ తెచ్చిపెట్టిన కెప్టెన్ డారెన్ సామీ పుట్టింది అక్కడే. మొత్తం విస్తీర్ణం 617 చదరపు కిలోమీటర్లే. ఆ బుల్లి దేశపు పడమటి తీరంలో, రాజధాని కాస్ట్రీస్‌కు దక్షిణాన ఉంటుంది మారిగో బే.

చుట్టూ పచ్చటి ఏటవాలు కొండలు. లోపలికి వెళ్లే దారికి సగం అడ్డంగా, కొబ్బరిచెట్లతో నిండిన ఇసుక తిన్నె. దాన్ని దాటితే చెరువులా నిశ్చలంగా ఉండే నీళ్లు. తిన్నె మీదికి వెళ్లాలంటే చిన్న పడవెక్కాలి. ఎక్కి కూర్చునేలోపే ఒడ్డు వచ్చేస్తుంది!

గాలికి అటువైపు

ఈ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచే గాలి వీస్తుంది. అందుకే అట్లాంటిక్ వైపున్న తూర్పు తీరంలో కెరటాల హోరు. మధ్యలో కొండలు గాలిని అడ్డుకోవడంతో పడమటి తీరం మాత్రం ప్రశాంతం. పడవలన్నీ ఇటే చేరడానికి కారణమదే. ఏటా నవంబరులో కెనరీ దీవుల నుంచి బయల్దేరే 'అట్లాంటిక్ ర్యాలీ'లో వందలాది మంది దాదాపు 2,700 నాటికల్ మైళ్లు ప్రయాణించి ఈ దీవికే చేరుకుంటారు.

కొబ్బరాకుల మాయ

ఈ దీవి కోసం బ్రిటన్, ఫ్రాన్స్ దశాబ్దాల తరబడి కొట్టుకున్నాయి. 1814లో చివరికి బ్రిటన్ పరమైంది. 1979లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ యుద్ధాల రోజుల్లో ఓ బ్రిటిష్ అడ్మిరల్ తన ఓడల్ని ఇక్కడ దాచి, తెరచాప కొయ్యలకు కొబ్బరిమట్టలు కట్టించాడట. వెతుక్కుంటూ వచ్చిన ఫ్రెంచివాళ్లు అది కొబ్బరితోటే అనుకుని వెళ్లిపోయారట! నిజమెంతోగానీ, ఆ చోటు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. 1967 నాటి హాలీవుడ్ సినిమా 'డాక్టర్ డూలిటిల్'లో కొన్ని దృశ్యాలను తీసింది కూడా ఇక్కడే.

మడచెట్లే లంగరు

అందం సరే, నావికులు ఈ చోటుని ప్రేమించడానికి అసలు కారణం వేరే ఉంది. జూన్ నుంచి నవంబరు దాకా కరీబియన్‌లో తుపాన్ల కాలం. ఆ భయం పట్టుకున్నప్పుడు పడవల్ని లోపలి మడచెట్ల దగ్గరికి తెచ్చి తాళ్లతో కట్టేస్తారు. మన కోరంగి మడచెట్లకు ఇవీ బంధువులే. బురదలోకి అల్లుకున్న వేళ్లు అలల ఊపుని మింగేస్తాయి. చేపపిల్లలకు పుట్టిల్లూ అవే.

అలాగని మడ అడవి ఉంటే ఏమీ కాదనుకోలేం. 2024 జులైలో బెరిల్ హరికేన్ గ్రెనడాకు చెందిన కరియకూ దీవిని ఊడ్చేసింది. అక్కడి మడల మధ్య కట్టిన పడవలు కూడా ఎన్నో ధ్వంసమయ్యాయి. ఉన్నప్పుడే పరిస్థితి ఇదైతే, లేనప్పుడో? కరీబియన్ దీవుల్లో హోటళ్లు, పడవల రేవుల కోసం మడ అడవుల్ని కొట్టేసిన చోట్లు చాలానే ఉన్నాయి. పర్యటకులు కావాలి, వాళ్లకు వసతీ కావాలి. వాళ్లు వెతుక్కుంటూ వచ్చే ప్రశాంతతకు కాపలా కాసేది మాత్రం ఆ చెట్లే!

మారిగో బే చూడాలంటే వానలు తక్కువగా ఉండే డిసెంబరు- మే నెలల మధ్య వెళ్లడం మంచిది. వెళ్లిన ప్రతి ఒక్కరూ ఇసుక తిన్నె మీద ఫొటో దిగుతారు. ఆ బురదలోని మడచెట్లను కూడా ఓసారి కెమెరాలో బంధిస్తే... ఆ రేవుని కాపాడుతున్న వాళ్లకీ ఫొటోలో చోటిచ్చినట్టవుతుంది!