కాపుదలకు వెల

పన్ను కట్టుచు సంతోషించు గృహస్థుని నేనింతవరకు చూచి యెఱుగను. సామాన్యుడు లోలోపల గొణుగుకొని ఊరకుండు ఈ విషయమునే కొందఱు తార్కికులు సిద్ధాంతముగా పెంచి పెద్దచేసిరి. ఒకని సొమ్మును అతని సమ్మతి లేక తీసికొనుట దొంగతనమగునేని, తీసికొనువాని చేత రాజముద్రిక యున్నంత మాత్రమున అది ధర్మమెట్లగునని వారి ప్రశ్న. బియ్యమును, బట్టను, వైద్యమును ఎవరికి నచ్చినచోట వారు కొనుక్కొనుచుండగా, దొంగల బారినుండి కాపుదలను మాత్రము ఒక్క సర్కారు వద్దనే, అది చెప్పిన వెలకే ఎందులకు కొనవలెను? 1849లో పారిస్ నగరమున గుస్తావ్ ద మొలినారి అను అర్థశాస్త్రవేత్త ఈ ప్రశ్నను సూటిగా వేసి, రక్షణను కూడ పోటీ వ్యాపారమునకు విడిచిపెట్టవలెనని వ్రాసెను. గత శతాబ్దిలో అమెరికా దేశస్థుడైన ముర్రే రోత్‌బార్డ్ ఆ వాదమును తుదముట్ట నడిపి, ప్రభుత్వమే అక్కఱలేదనెను. 1974లో రాబర్ట్ నోజిక్ అంత దూరము పోలేదు. రక్షణ సంస్థలను వాటి మానాన వదలినచో, ఒక సీమలో తుదకొక్కటే పైచేయి గాంచి, ఎవరి హక్కును భంగపఱుపకయే చిన్న రాజ్యముగా పరిణమింపగలదని అతని వాదము. సంపాదనపై వేయు పన్ను వెట్టిచాకిరికి దీటు వచ్చునని కూడ అతడనెను.

ఈ ఆలోచన మన పూర్వులకు బొత్తిగా క్రొత్తది కాదు. ఆఱవ భాగమును జీతముగా పుచ్చుకొని రాజు ప్రజలను రక్షింపవలెనని బౌధాయన ధర్మసూత్రము. అనగా రాజు కూలిపుచ్చుకొను కావలివాడే. దొంగిలింపబడిన సొత్తును రాబట్టజాలని రాజు తన బొక్కసమునుండి దానిని చెల్లింపవలెనని కౌటిల్యుడు విధించెను. ఈ నిబంధనను నేటి పోలీసు ఠాణాలో బిగ్గరగా చదివి వినిపింపవలెనని నాకొక చాపల్యము కలదు. అయితే కూలివాడు పని చేయనినాడు వానిని తొలగించువాడెవడు? ఆయుధమంతయు వాని చేతిలోనే యున్నది గదా. శాస్త్రకారులు పాపభీతి చెప్పిరి, నరకము చెప్పిరి. మనుష్యలోకములో అక్కఱకు వచ్చు ఉపాయము స్పష్టముగా చెప్పినవారు అరుదు.

వాదమును వాదముగా విడిచి, కాపుదల నిజముగా సరకై అమ్ముడుపోయిన సందర్భమొకటి చూతము. అందులకై ఐరోపాకు పోనక్కఱలేదు. హైదరాబాదు చాలును.

పదునెనిమిదవ శతాబ్ది చివర నిజాం అలీఖానునకు మరాఠాల భయము మెండు. రక్షణ అమ్మజూపు వ్యాపారులకును కొదువ లేదు: ఒకవంక లండనులో వాటాదారులును, ఏటేట లాభాంశములును గల ఈస్టిండియా కంపెనీ; ఇంకొకవంక రేమండ్ అను ఫ్రెంచి సేనాని నడుపుచున్న, పదివేలకు పైబడిన పటాలము. 1795లో ఖర్దా వద్ద మరాఠాలతో పోరు వచ్చినప్పుడు కంపెనీవారు తటస్థులమని ప్రక్కకు తొలగిరి, నిజాం ఓడిపోయెను. ఓడిన నిజాం, వివేకముగల కొనుగోలుదారు ఏమి చేయునో అదే చేసెను: అక్కఱకు రాని కంపెనీ పటాలములను పంపివైచి, రేమండు బలగమును పెంచెను. ఇంతవరకు మొలినారి శిష్యులు సంతోషింపదగిన కథయే.

1798 మార్చిలో రేమండు మరణించెను. మలక్‌పేట చేరువ గుట్టపై అతని సమాధి నేటికిని కలదు. అదే సంవత్సరము సెప్టెంబరులో కంపెనీ నిజాముతో క్రొత్త ఒడంబడిక చేసికొని, ఏటికి 24,17,100 రూపాయల వెలకు ఆఱు పటాలముల నిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ బేరములోని షరతు ఫ్రెంచి బలగమును రద్దుచేయుట. అక్టోబరులో కంపెనీ సేనలే పోయి వారిని చుట్టుముట్టి నిరాయుధులను గావించెను. బియ్యము వర్తకుడు పోటీవానిని దెబ్బతీయవలెనన్న ధర తగ్గింపవలెను, లేదా నాణ్యము పెంపవలెను. కాపుదల వర్తకునకు ఆ శ్రమ యక్కఱలేదు, ఏలయన పోటీవానిని తుదముట్టించు సాధనమే అతని అంగడిలోని సరకు. నోజిక్ చూపిన సాఫీ పరిణామమునకు నాకు కనబడు పెద్ద అడ్డంకి యిదియే.

రెండేండ్లు తిరిగినంతనే, 1800 అక్టోబరులో మఱియొక ఒడంబడిక. పటాలములు పెరిగినవి, వెలయు పెరిగినది, అయితే ఈసారి రొక్కము కాదు, భూమి. మైసూరు యుద్ధములలో తన వాటాకు వచ్చిన సీమలను, అనగా నేటి కడప, అనంతపురము, బళ్లారి ప్రాంతములను, కర్నూలులో కొంత భాగమును, నిజాం శాశ్వతముగా కంపెనీకి ధారపోసెను. ఆ ప్రాంతమునకు దత్తమండలములని పేరు వచ్చినది ఈ బేరమువలననే. కంపెనీ సమ్మతి లేక ఇతర రాజ్యములతో మంతనములు సాగింపరాదన్న నిబంధన కూడ అందు చేరెను. వేఱొక అంగడిలో ధర కనుగొనుటకైనను ఉన్న అంగడివాని సెలవు కావలసిన కొనుగోలుదారుడు లోకములో మఱియెవడైన నున్నాడేమో నేనెఱుగను.

కంపెనీ అచ్చమైన వర్తకసంస్థ కాదనియు, దాని వెనుక ఇంగ్లండు రాజశాసనమును, పార్లమెంటును ఉండెననియు రోత్‌బార్డ్ పక్షమువారు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. అట్లయిన, వెనుక ఏ సర్కారును లేని కావలివాండ్రను అదే దత్తమండలములలో చూడవచ్చును. కంపెనీ తరఫున కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు అచట ఎనుబదిమంది పాళెగాండ్రు ఎదురైరి. దొంగల బెడద లేకుండ చూచుటకని వారు ఊళ్లనుండి కావలి రుసుము పుచ్చుకొనెడివారు. ఒక్కొక్కనికి కోటయు, బంట్రోతులును, ప్రక్క పాళెగానితో పగయు ఉండెను. పోటీ యన్న పోటీ కావలసినంత. ఐనను రైతు ఈ పాళెగానిని కాదని ఆ పాళెగాని వద్దకు తన పొలమును ఎత్తుకొనిపోజాలడు గదా! రుసుము ఈయని ఊరికి దొంగలు ఏ దిక్కునుండి వత్తురో ఆ ఊరివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

రోత్‌బార్డ్ పక్షమువారు మెచ్చి చూపు ఐస్లాండు సంగతియు నొకటి కలదు. క్రీ. శ. 930 ప్రాంతమున అచట మహాసభ యేర్పడెను, రాజు లేడు, తనకు నచ్చిన నాయకుని ఆశ్రయించుటకును, నచ్చనినాడు విడుచుటకును స్వతంత్ర గృహస్థునకు హక్కుండెను. తీర్పు గెలిచినవాడు దానిని తానే అమలుపఱచుకొనవలెను. శక్తి చాలనివాడు తన వ్యాజ్యమును బలవంతునకు బదిలీ చేయవచ్చును. మూడు శతాబ్దులు నిలిచిన ఏర్పాటును హేళనచేయుట తగదు. కాని తుదకు నాయకత్వములన్నియు కొద్ది కుటుంబముల గుప్పిటిలో చిక్కి, అవి తమలోతాము కొట్లాడి డస్సిన పిమ్మట, 1262 మొదలు 1264 లోపల ఆ జనులు నార్వే రాజునకు పన్ను కట్ట నొప్పుకొనిరి.

కావున సమ్మతి లేని పన్ను అధర్మమన్న ఆక్షేపమును నేను తేలికగా కొట్టివేయను. అది రాజ్యమును ఎల్లప్పుడును ఉలిక్కిపడునట్లు చేయవలసిన ఆక్షేపమే. కాని రుసుము అనుపేరు పెట్టినంతనే సమ్మతి పుట్టదు. చెల్లించువాడు లెక్క అడుగగలడా, అడిగినను సురక్షితముగా ఇల్లు చేరగలడా యన్నదానిలో ధర్మాధర్మముల భేద మున్నది. 1800 నాటి పత్రముపై సంతకములు నిజామువి, కంపెనీవి. ఆ కాపుదలకు ఆనాటినుండి వెల చెల్లించినవాడు అనంతపురము రైతు; వానిని అడిగినవారు లేరు.

మన్రో ఆ సీమనెల్ల కొలిపించి, శిస్తు కట్టించి, ఏడేండ్లు వసూలుచేసి, 1807లో తానే పైవారికి వ్రాసెను: ఈ శిస్తు భారము మిక్కిలి యెక్కువ, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెనని. పైవారు వినలేదు, గ్రామములకు గ్రామములే గుత్తకిచ్చిరి. తగ్గింపు అమలైనది 1820 తరువాత, ఆ మన్రోయే మద్రాసునకు గవర్నరై తిరిగివచ్చిన పిమ్మటనే. ఆయన 1827లో పత్తికొండ వద్ద కలరా తగిలి మరణింపగా రైతులు దుఃఖించిరి, బిడ్డలకు ఆయన పేరు పెట్టుకొనిరి. ఆ కృతజ్ఞతను తప్పుపట్టను. కాని ఆ అధికారి ఆ పదుమూడేండ్లలో ఏ జ్వరముననో పోయియుండిన, రైతు తన మొఱ చెప్పుకొనుటకు ఆ కంపెనీ కచేరీలో వేఱొక గుమ్మము లేదు.